సంతకం లేని కాగితం

విద్యార్థినుల హాస్టల్, రెండో అంతస్తు
మొదటి టర్ము, మూడో వారం

మామయ్యకి,

ఫోను చేతిలో ఉండగా ఉత్తరం రాస్తున్నానని నా రూమ్మేటు పకపకా నవ్వుతోంది. నవ్వనీ. "ఫోనులో గొంతే వినిపిస్తుంది. అక్షరం చూస్తే నువ్వు తిన్నావో లేదో కూడా చెప్పేస్తాను" అన్నావు కదా బస్సెక్కించేటప్పుడు. చూసి చెప్పు మరి.

చర్చి వాళ్ల యూనివర్సిటీ అంటే ఏమిటో ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. ప్రతి క్లాసూ ప్రార్థనతో మొదలవుతుంది, కెమిస్ట్రీ ల్యాబు కూడా. చేతిలో యాసిడ్ సీసా పట్టుకుని కళ్లు మూసుకోమన్నారు. సగం తెరిచే ఉంచాను, దేవుడు ఏమీ అనుకోడులే. వారానికి మూడు రోజులు చాపెల్‌కి, అంటే ఇక్కడి ప్రార్థన మందిరానికి, వెళ్లాలి. గుమ్మం దగ్గర కార్డు మీద ముద్ర వేస్తారు. సీనియర్లు ముద్ర వేయించుకుని పక్క తలుపులోంచి జారుకుంటారు. నేనింకా అంత ఎదగలేదు.

నాకు నచ్చింది ఒకటుంది. ఇక్కడ పరీక్ష హాల్లో కాపలా ఉండదు. పేపర్లిచ్చి మాస్టారు బయటికి వెళ్లిపోతారు. చివరి పేజీలో "ఇది నేనే రాశాను, ఎవరిదీ చూడలేదు" అని రాసి సంతకం పెట్టాలి. మొదటిసారి సంతకం పెడుతుంటే ఏదో పెద్దదాన్ని అయిపోయినట్టు అనిపించింది.

నచ్చనిది కూడా ఉంది. మొదటి ఏడాది వాళ్లందరికీ "విశ్వాసం, ఆలోచన" అని ఒక క్లాసు తప్పనిసరి. సైన్సు చదివేవాళ్లకి ఇదెందుకని అందరం సణుగుతాం. చెప్పే ఆవిడకి అరవై దాటాయి. ఏదడిగినా తిరిగి ఇంకోటి అడుగుతుంది కాబట్టి ప్రశ్నల మేడమ్ అంటారు. రెండు వారాలకో పేజీ రాసివ్వాలట: నీకు జవాబు తెలియని ప్రశ్న ఒకటి. జవాబు తెలిస్తే మార్కులిస్తారు గానీ తెలియకపోతే ఇచ్చేదెక్కడైనా ఉందా? సరే, నాలుగు ముక్కలు గిలికి పడేస్తాను.

అత్తయ్యని అడిగానని చెప్పు.

నీ మేనకోడలు

---

బస్సులో
సోమవారం

పిచ్చుకా,

కదిలే బస్సులో రాస్తున్నాను, అందుకే అక్షరాలు ఊగుతున్నాయి. ఈ డ్రైవరు దారిలో ఒక్క గుంతని కూడా పలకరించకుండా వదలట్లేదు.

నీ ఉత్తరం చూశాను. తిండి బాగానే ఉంది, నిద్రే చాలట్లేదు. నీ అక్షరాల వరస చివరికొచ్చేసరికి కిందికి జారుతోంది. తలకట్లు మాత్రం చూసి మురిసిపోయాను. అయిదేళ్లప్పుడు నా బ్రష్షు లాక్కుని, నేను తలకట్టు విసిరే తీరు చూసి, ఇంట్లో గోడలన్నిటి మీదా ఆ తోకలే వేశావు. పిచ్చుక తోకలని మీ అమ్మ తిట్టింది, నీకు ఆ పేరు మిగిలింది. అటువంటి తలకట్టు నా సైన్‌బోర్డుల మీదా నీ నోటుబుక్కుల్లోనూ తప్ప ఇంకెక్కడా కనపడదు. గర్వంగా ఉంటుంది నాకు.

చాపెల్ గురించి నన్నేం అడగకు. చర్చి గోడల బయట గడిపినంతసేపు నేను లోపల కూర్చోలేదు. పాస్టరుగారు ఒకసారి నిచ్చెన కింద నిలబడి, "వాక్యం బయట రాస్తావు, లోపలికొచ్చి వినవేమయ్యా?" అన్నారు. "ఒక్కో అక్షరం పది నిమిషాలు వింటున్నానండీ" అన్నాను. ఆయన నవ్వి, టీ పంపించారు.

ఆ మేడమ్ ఇచ్చిన పని నాకు నచ్చింది. నిన్ను స్కూల్లో ఇన్నేళ్లు జవాబులే అడిగారు. గిలికి పడేయకు, బాగా రాయి.

స్టాపు వచ్చేసింది, ఉంటాను.

మామయ్య

---

హాస్టల్
మొదటి టర్ము చివరి వారం

మామయ్యకి,

నీ మేనకోడలు ఫేమస్ అయిపోయింది. పేరు లేకుండా అయింది, అదీ తమాషా.

టర్ము చివర ప్రతి క్లాసు గురించీ విద్యార్థుల అభిప్రాయం అడుగుతారు. కాగితం మీద చేత్తో రాయాలి, పేరు అక్కర్లేదు. లైబ్రరీ బయట ఇంత పొడుగు బోర్డుంది. రాసిన కాగితాల్ని ఉన్నవి ఉన్నట్టు దానికి గుచ్చేస్తారు, పొగిడినవీ తిట్టినవీ కూడా. దాచుకోవడం చర్చికి తగదని ఈ యూనివర్సిటీ పెట్టినవాళ్లు అన్నారట. వారం రోజులు అక్కడ తిరనాళ్లలా జనం. "ఫిజిక్స్ మాస్టారు బోర్డుతోనే మాట్లాడతారు", "ల్యాబు బాగుంది, కుర్చీలు బాగాలేవు", "చాపెల్లో పాటలు బాగున్నాయి, ప్రసంగాలు కాస్త తగ్గించండి". ఇలాంటివి వందలు.

ప్రశ్నల మేడమ్ క్లాసు గురించి నేను ఒకే వాక్యం రాశాను: "ఈ క్లాసులో నేను నేర్చుకున్నదల్లా గడియారం చూడటం." మామయ్యా, అది అంటుకుపోయింది! క్యాంటీన్లో అంటున్నారు, మెట్ల మీద అంటున్నారు. నిన్న ఒక సీనియరు నా ముందే నా వాక్యం చెప్పి నవ్వితే, నేనూ కొత్తగా విన్నట్టు నవ్వాను.

తప్పేముంది చెప్పు. ఆవిడ గొంతు మూడో బెంచీ దాటి రాదు. నేను కూర్చునేది ఏడో బెంచీ. పేజీలు ఇస్తూనే ఉన్నాను, ఏవో నాలుగు ఎర్ర గీతలతో తిరిగొస్తూనే ఉన్నాయి. ఇంతకన్నా ఆ క్లాసు గురించి చెప్పడానికేమీ లేదు.

కెమిస్ట్రీలో క్లాసుకి రెండోదాన్ని. అది అమ్మకి చెప్పు, మిగతాది నీలోనే ఉంచుకో.

నీ మేనకోడలు

---

నిచ్చెన మీద
శుక్రవారం

పిచ్చుకా,

నిచ్చెన చివరి మెట్టు మీద కూర్చుని మోకాలి మీద కాగితం పెట్టి రాస్తున్నాను, అక్షరాలు కుదరకపోతే ఏమీ అనుకోకు. కింద మందుల షాపాయన, "బోర్డు రాస్తున్నావా, ప్రేమలేఖ రాస్తున్నావా?" అని అరుస్తున్నాడు.

నీ వాక్యం చదివి మొదట నవ్వాను. దాచను. అత్తయ్యకి చదివి వినిపించాను కూడా. తర్వాత ఒక సంగతి గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. నువ్వు పుట్టకముందు మాట.

మన వీధి చివర కటింగు షాపుంది కదా, అప్పట్లో వాడికీ నాకూ పడేది కాదు. నా అక్షరాలు కోడి గీసినట్టు ఉంటాయని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. ఒకరోజు మధ్యాహ్నం వీధంతా అన్నాలు తిని కునుకు తీస్తుంటే, వాడి షాపు పక్కగోడ మీద పెద్ద అక్షరాలతో "ఇక్కడ గొర్రెలకు కూడా చక్కగా జుట్టు తీయబడును" అని రాసి, ఏమీ ఎరగనట్టు వచ్చి పడుకున్నాను. సాయంత్రానికి ఊరంతా ఒకటే నవ్వు. ఎవరు రాశారన్నది చదువు రాని కూరగాయలావిడ కూడా చెప్పేసింది. తలకట్టు పట్టిచ్చింది నన్ను.

వాడు తిట్టడానికొస్తాడని కర్ర పక్కన పెట్టుకుని కూర్చున్నాను. వాడు వచ్చి గుమ్మంలో నిలబడి, "కింద నీ పేరు రాయడం మర్చిపోయావు" అని వెళ్లిపోయాడు. అంతే. మర్నాడు సున్నం బకెట్టు పట్టుకెళ్లి గోడంతా కొట్టి వచ్చాను. అప్పట్నించీ నేను రాసిన ఏ బోర్డుకైనా కింది మూలన నా సంతకం ఉంటుంది, గమనించావా?

ఇంతకీ అడుగుతున్నాను, నీ కాగితం ఏ అక్షరాలతో రాశావు?

మామయ్య

---

హాస్టల్
రెండో టర్ము, రెండో వారం

మామయ్యా,

మన అక్షరాలతోనే రాశాను. వేరేగా రాయాలని తోచనే లేదు. నాకు వేరే అక్షరాలు రావు కదా.

నీ ఉత్తరం చదివిన వెంటనే లైబ్రరీ దగ్గరికి పరిగెత్తాను. అన్ని కాగితాల మధ్యా నా తలకట్లు దూరం నుంచే కనిపిస్తున్నాయి. టర్మంతా నా పేజీలు దిద్దిన ఆవిడకి తెలియకుండా ఉంటుందా? తెలుసు.

కానీ ఆవిడ ఏమీ అనలేదు. క్లాసులో నావైపు అందరివైపూ చూసినట్టే చూస్తోంది. మొన్న నా పెన్ను కింద పడితే వంగి తీసిచ్చింది. తిట్టినా బాగుండేది.

అసలు సంగతి ఇది కాదు. నిన్న నోటీసు పెట్టారు. వచ్చే ఏడాది నుంచి ఆ క్లాసు ఉండాలా వద్దా అని కమిటీ కూర్చుంటుందట. డీన్ గారు తయారుచేసిన రిపోర్టులో విద్యార్థుల అభిప్రాయం అన్న చోట అన్నిటికన్నా పైన ఉన్నది నా వాక్యమే. క్లాసు తీసేస్తే మేడమ్ కూడా వెళ్లిపోవాల్సిందే, ఆవిడ చెప్పేది అదొక్కటే. ఇరవై రెండేళ్లుగా చెబుతోందట. నేను పుట్టకముందు నుంచీ చెబుతున్న క్లాసుని ఒక్క వాక్యంతో లేపేస్తున్నాను.

"నీ ఒక్కదాని మాటకే మూసేస్తారా? ఊరుకో" అంటోంది రూమ్మేటు. ఆ కాగితం పీకేసి చింపేద్దామనుకున్నాను. రెండుసార్లు అక్కడిదాకా వెళ్లి తిరిగొచ్చాను. కమిటీ కూర్చోవడానికి ఇంకా మూడు వారాలే ఉంది. ఏం చేయను?

నీ మేనకోడలు

---

ఇల్లు
ఆదివారం

అమ్మాయ్,

ఇది నీ అత్తయ్య చేతిరాత. మీ మామయ్య చెబుతుంటే రాస్తున్నాను. చేతికి ఎనామిల్ రంగు అంటుకుందట, కడిగినా వదలట్లేదట, అందుకని. (నేనేమీ అనను.)

ఇకనుంచి ఆయన మాటలు. పిచ్చుకా, కాగితం చింపకు. నేను గోడకి సున్నం కొట్టానని గొప్పగా రాశాను కానీ మిగతాది రాయలేదు. రెండు వానలు పడేసరికి సున్నం పలచబడి గొర్రెలు మళ్లీ బయటికొచ్చాయి. మళ్లీ కొట్టాను, మళ్లీ వచ్చాయి. ఆ గోడ పడగొట్టేదాకా అక్కడే ఉన్నాయి. (నిజమే. నేను కాపురానికొచ్చిన కొత్తలో చదివాను, ఎవరో సరదా మనిషి రాశాడనుకున్నాను.) చెరిపేబదులు పక్కనే ఇంకోటి రాసి కింద పేరు పెట్టి ఉంటే సరిపోయేదని నాకిప్పుడు అనిపిస్తుంది. అప్పుడు అంత బుద్ధి లేదు.

నువ్వు రాసిందంతా అబద్ధమని కూడా రాయకు. ఆవిడ గొంతు ఏడో బెంచీకి వినపడదన్నావు, అది నిజమే కదా. నిజం ఉంచు. దాచింది కూడా చెప్పు. ఏదో దాచావు. పేజీలు ఇస్తూనే ఉన్నానని రాసిన చోట నీ అక్షరాలు ఒకదానిమీద ఒకటి ఎక్కాయి.

ముందు ఆవిడ దగ్గరికి వెళ్లు. బోర్డు సంగతి తర్వాత.

ఆయన చెప్పింది అయిపోయింది. ఇది నేను రాస్తున్నది. ఆ కటింగు షాపాయన ఇప్పుడు రోజూ పొద్దున్నే ఇంటికొచ్చి మీ మామయ్యకి గడ్డం గీసి వెళుతున్నాడు. గంటసేపు పోట్లాడుకుంటారు ఇద్దరూ. ఈ ముక్క రాయొద్దన్నారు. రాశాను.

అత్తయ్య

---

హాస్టల్
రెండో టర్ము, ఆరో వారం

మామయ్యా, అత్తయ్యా, ఇద్దరికీ,

వెళ్లాను. వరసగా చెబుతాను.

మేడమ్ గది మెట్ల కింద ఉంటుంది. ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక కెటిలు, ఎక్కడ చూసినా విద్యార్థుల పేజీలు. కళ్లజోడుకి దారం కట్టుకుంది. గుమ్మంలోనే అనేశాను, "ఆ కాగితం నాదే మేడమ్" అని. లోపలికి వెళితే ధైర్యం చాలదేమోనని.

"తెలుసు. గుచ్చిన రోజే చూశాను" అంది.

"మరి ఏమీ అనలేదే?"

"పేరు లేదు కదమ్మా. నువ్వు చెప్పేదాకా అది ఎవరిదీ కాదు." కూర్చోమని కుర్చీ మీది కాగితాలు తీసింది. "వాక్యం బాగుంది. నిజమేనా?"

"సగం నిజం మేడమ్."

"మిగతా సగం ఏమిటి?"

అప్పుడు చెప్పాను, నీకు కూడా చెప్పనిది. నేనిచ్చిన పేజీల్లో ఒక్కటీ నా ప్రశ్న కాదు. చిన్నప్పటి సండే స్కూలు పుస్తకంలోంచి ఒకటి, రూమ్మేటుది ఒకటి, లైబ్రరీ పుస్తకం వెనక అట్ట మీదది ఒకటి. అన్నిటి మీదా ఎర్ర సిరాతో ఒకే మాట రాసిచ్చేది: "ఇది నీది కాదు. మళ్లీ రాయి." అయిదుసార్లు. పరీక్షలో ఎవరిదీ చూడలేదని గర్వంగా సంతకం పెట్టే నేను, ఈ క్లాసులో అన్నీ ఎవరివో ఇచ్చాను. పట్టుకుందని ఒళ్లు మండి ఆ వాక్యం రాశాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఆవిడ ఓదార్చలేదు. టీ పోసిచ్చి, "ఏడో బెంచీకి వినపడదా నిజంగా?" అని అడిగింది. వినపడదన్నాను. కాగితం మీద రాసుకుంది.

తర్వాత అభిప్రాయం కాగితం ఇంకోటి అడిగి తీసుకుని రాశాను. "గడియారం గురించి రాసింది నేనే. గొంతు వెనక్కి రాదు, కుర్చీలు గుండ్రంగా వేసుకోవాలి, ఇది నిజం. అయిదుసార్లు ఎవరివో ప్రశ్నలు నావని ఇచ్చాను, ఆవిడ అయిదుసార్లూ చదివి పట్టుకుంది, ఇదీ నిజం. ఇంత శ్రద్ధగా నన్ను ఇక్కడ ఇంకెవరూ చదవలేదు." కింద పేరు, రోల్ నంబరు, సంతకం. మొదటిదాని పక్కనే గుచ్చాను. డీన్ గారి దగ్గరికెళ్లి రిపోర్టులో ఇది కూడా పెట్టమన్నాను. ఆయన కళ్లజోడు పైనుంచి చూసి, "పేరుతో వచ్చిన అభిప్రాయం ఇదే మొదటిదమ్మా" అన్నారు.

రెండు రోజులు మెట్ల మీద నన్ను చూసి నవ్వారు. "గడియారం" అని పేరు పెట్టారు. మూడో రోజు నా కాగితం పక్కన ఇంకో సంతకమున్న కాగితం కనిపించింది, ఎవరో సీనియరుది. కమిటీ కూర్చునే రోజుకి పదకొండయ్యాయి. అన్నీ పొగడ్తలేం కాదు. "నాకు ఈ క్లాసు వద్దు, కానీ కావాలనేవాళ్లకి ఉండాలి" అని ఒకడు రాశాడు, పేరు పెట్టి మరీ.

నిన్న తేలింది. క్లాసు ఉంటుంది. తప్పనిసరి కాదు, ఇష్టమైనవాళ్లకే. చిన్న గది, గుండ్రంగా కుర్చీలు. ఆ గదిలో గడియారం లేదు మామయ్యా, చూసొచ్చాను! మేడమ్ ఎక్కడికీ వెళ్లట్లేదు.

ఇంకొక్కటి ఉంది. ఇది రాయడానికి మూడు రోజులు వెనకాడాను.

ఆరో పేజీ రాసిచ్చాను. ఈసారి నా ప్రశ్నే. బస్సు, నిచ్చెన, ఎనామిల్ రంగు, ఎన్ని సాకులు చెప్పావు మామయ్యా. నువ్వు నా అక్షరాలు చదివినట్టే నేనూ నీవి చదువుతాను కదా. మొదటి ఉత్తరంలోనే తెలిసింది. బస్సు కుదుపుకి గీత పైకీ కిందికీ పోతుంది, నీది సన్నగా, ఒకే తీరుగా వణికింది. మూడో ఉత్తరానికి నీ చేతిరాతే రాలేదు. గడ్డం కూడా నువ్వు గీసుకోవట్లేదు. నాకు తెలిసిపోతే నిజమైపోతుందని తెలియనట్టు ఉండిపోయాను. నువ్వు దాచావు, నేనూ దాచాను.

పేజీలో ఇలా రాశాను: "మా మామయ్య జీవితంలో దేవుణ్ని ఏదీ అడగలేదు. ఉన్న ఆస్తల్లా ఒక చెయ్యి. దాంతో ఊరందరి పేర్లూ రాశాడు, దేవుడి మాటలు కూడా రాశాడు. ఆ చేతినే ఎందుకు వణికించాలి?"

పేజీ తిరిగొచ్చింది. "మళ్లీ రాయి" లేదు. కింద ఇలా ఉంది: "నాకూ తెలియదు. రేపు నాలుగింటికి టీకి రా. మీ మామయ్య గురించి చెప్పు."

వెళ్లాను. గంటన్నర చెప్పాను. ఆవిడ ఒక్క ప్రశ్న కూడా వేయకుండా విన్నది.

నువ్వు కూడా చెప్పు మామయ్యా. ఎప్పటినుంచి?

నీ పిచ్చుక

---

వంటింట్లో, కిటికీ పక్క
బుధవారం మొదలుపెట్టి శనివారం దాకా

పిచ్చుకా,

ఇది నా చేతిరాతే. నాలుగు రోజులు పట్టింది. బస్సు లేదు, నిచ్చెన లేదు, రంగు లేదు.

నువ్వు అక్కడికి వెళ్లడానికి నాలుగు నెలల ముందు మొదలైంది. మొదట బ్రష్షు బాగాలేదనుకున్నాను, తర్వాత కళ్లజోడు మార్చాను. డాక్టరు చేతులు చాపమని చూసి, మందులతో కొంత తగ్గుతుందిగానీ పూర్తిగా పోదన్నాడు. నిచ్చెన ఎక్కొద్దన్నాడు. నిచ్చెన మీద కూర్చుని రాస్తున్నానన్న రోజు నేను ఈ వంటింటి స్టూలు మీదే కూర్చున్నాను. మందుల షాపాయన కూడా లేడు పాపం. నీకు చెబితే పెట్టె సర్దుకుని వచ్చేస్తావని భయపడ్డాను. అది ఒక్కటే కారణం అంటే అబద్ధం. సిగ్గుపడ్డాను కూడా.

నీ ప్రశ్న మూడుసార్లు చదివించుకున్నాను. అత్తయ్య మూడోసారి చదవలేకపోయింది. జవాబు నాకేం తెలుసు? నా తరఫున నువ్వు పైవాడితో దెబ్బలాడుతుంటే మాత్రం నాకు ధైర్యంగా ఉంది. ఆ మేడమ్‌కి నా నమస్కారాలు చెప్పు. తెలియదని ఒప్పుకునే టీచరు దొరకడం నీ అదృష్టం, ఆవిడ క్లాసు వదలకు.

ఇప్పుడు పని మాట. ఆడపిల్లల స్కూలు వాళ్లు కొత్త బోర్డు రాయమన్నారు. పద్నాలుగు అడుగులు. కుదరదని చెప్పి పంపించేశాను. నీ ఉత్తరం వచ్చాక వెళ్లి, సెలవుల్లో రాస్తామని చెప్పొచ్చాను. రాస్తాను అనలేదు, రాస్తామన్నాను. స్కేలు ఆనించి గీస్తే నా చెయ్యి బుద్ధిగానే ఉంటుంది. గీతలు నేను గీస్తాను, నిచ్చెనెక్కి రంగు నువ్వు నింపు. కింద నిలబడి తప్పులు పట్టడానికి కటింగు షాపువాడు వస్తానన్నాడు, రావద్దన్నా వస్తాడు. మూలన నీ పేరూ నా పేరూ ఉండాలి. నాది నేనే రాస్తాను, వంకరగా వస్తే రానీ.

కవరు మీద కూడా నేనే రాశాను, "పిచ్చుక" అని. పోస్టుమాన్ వెతుక్కుంటాడా అని అత్తయ్య తిట్టి కింద నీ అసలు పేరు రాసింది. ఉత్తరం తీసుకుని కవరు ఎక్కడ పడేశావో వెతుకు. "పిచ్చుక" చివర తలకట్టు ఉంది చూడు. చెయ్యి ఆ ఒక్కసారీ నా మాట విన్నది. తోక ఎగిరింది.

మామయ్య